ఎర్రకొస పుల్లలు

పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను, పదకొండే. ఇసుకలో జానెడెత్తున నిలబడ్డ పదకొండు పుల్లలు, ఒక్కోదాని కొస ఎర్రగా, ఒక్కోదాని పక్కన ఒక తెల్లపిట్ట పొదుగుతూ. మా బావ నా పక్కన బల్ల మీద కూర్చుని పిట్టల్ని కాదు, నా మొహాన్నే చూస్తున్నాడు, ఎప్పుడు మెచ్చుకుంటానా అని. "ఎలా ఉంది మరదలా? నువ్వు నేర్పినట్టే పెట్టానా లేదా?" అంటున్నాడు. నేను బైనాక్యులర్ కళ్లకి అడ్డం పెట్టుకుని "ఊఁ" అన్నాను. ఊఁ ఏమిటే, ఊఁ? నోరు పడిపోయిందా? పుల్లలు పీకెయ్ బావా అనాలి. కాకులు గుడ్లని వెతకవు, పుల్లల్ని వెతుక్కుంటాయి, పుల్ల ఉన్నచోటల్లా గుడ్డుందని రెండ్రోజుల్లో నేర్చుకుంటాయి అనాలి. అక్కడితో సరిపోతుందా, నీకెలా తెలుసు అంటాడు కదా, అప్పుడు చెప్పాలి, ఇరవై రెండేళ్ల కింద మనం పెట్టిన పుల్లలతో జరిగింది అదేనని, మీ కుక్క బోల్టు ఒక్క గుడ్డు కూడా ముట్టుకోలేదని, దాన్ని నువ్వు ఊరికే చంపించావని. నువ్వు చంపించావని కాదు. నేను చంపించానని. ఎంత చెయ్యి తిరిగిన అబద్ధాలకోరునో చూడు, మనసులో అనుకునేటప్పుడు కూడా నిందని పక్కవాడి మీదకి తోసేస్తున్నాను.

గంట టైముంది. లైట్‌హౌస్ నీడ ఇంకా రాళ్ల దగ్గరే ఉంది. అది మెల్లగా ఇసుక మీదకి వచ్చి గూళ్లని కమ్మేదాకా ఎవరూ అటు పోకూడదు, ఆ రూలు పెట్టింది కూడా నేనే. ఎండలో మనిషి కనబడితే పిట్టలన్నీ లేస్తాయి, తల్లి లేస్తే గుడ్డు మీద నీడ పోతుంది, ఈ కాలే ఇసుకలో పది నిమిషాలు చాలు గుడ్డు ఉడికిపోవడానికి. అందుకే ఈ చెక్కగదిలో కూర్చున్నాం ఇద్దరం, మూడడుగుల వెడల్పు లేదు, ముందు గోడకి అడ్డంగా ఒక చీలిక లాంటి కిటికీ, బల్లకి ఒక మేకు పైకి లేచి ఉంది, నా చీర ఇప్పటికే రెండుసార్లు పట్టుకుంది. పొద్దున్న పడవ దిగగానే మా అక్క మోకాళ్లు పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని, "ముందు కాళ్లు కడుక్కోవే" అంది, బావేమో "కాళ్లెక్కడికి పోతాయి, ముందు పిట్టల్ని చూడనీ" అని ఫ్లాస్కులో టీ పోయించి నన్ను లాక్కొచ్చేశాడు. డెబ్బై ఆరేళ్లు ఆయనకి. గుండెలో ఏదో గొట్టం పెట్టారు పోయినేడు. నడవొద్దని డాక్టరు చెప్తే, "నడవకపోతే చస్తాను, నడిస్తే చస్తాను, నడిచే చస్తాను" అన్నాడట.

వసంతం వస్తే ఈ దీవి రైల్వే జంక్షన్. ఉత్తరానికి పోయేవన్నీ ఇక్కడ దిగి తిని పడుకుని ఎక్కిపోవాల్సిందే. నీళ్లు పైకి వస్తున్నాయి, బురద మీద మేసే ఉల్లంకిపిట్టలన్నీ అంచుకి జరుగుతున్నాయి, చలికాలంలో బూడిదరంగులో ఉండేవి ఇప్పుడు మెడలు ఎర్రబడి పెళ్లికళ వచ్చేసి ఉన్నాయి. నా చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, పదులు, ఇరవైలు, గీత, గీత, అడ్డగీత. మూడువందల నలభై. రాళ్ల మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుని ఏడు. దూరంగా నీళ్లలో వీపులు, డాల్ఫిన్లు, రెండా మూడా, మునిగాయి. నలభై ఏళ్లు ఈ పని చేశాక కళ్లు మనసుని అడగవు. ఈ దీవి వాళ్లు నాకు లెక్కలమ్మ అని పేరు పెట్టారు. పెట్టింది మా బావే, పెళ్లిపీటల మీద కూర్చుని ఉండగా నేను చెట్టు మీద చిలకల్ని లెక్కపెడుతున్నానని. "నా పెళ్లికి వచ్చిందా, పిట్టల పెళ్లికి వచ్చిందా ఇది?" అని అందరూ వినేలా అన్నాడు. అప్పుడు నాకు పద్నాలుగు. మా అక్క తల వంచుకుని నవ్వుతోంది, తలంబ్రాల కింద ఆ భుజాలు కదలడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ఇసుకలో పొదుగుతున్న ఈ తెల్లపిట్టలకి శాస్త్రంలో పెద్దపేరు ఉంది, మేము మాత్రం నల్లటోపీలు అంటాం. తెల్లటి ఒళ్లు, నెత్తిన నల్లటి టోపీ, పసుపు ముక్కు, గుప్పెట్లో పట్టేంత పిట్ట. గూడు కట్టే ఓపిక ఉండదు దానికి, ఇసుకలో పొట్టతో ఒక గుంట నొక్కి అందులోనే రెండు గుడ్లు పెట్టేస్తుంది, గుడ్లు అచ్చం ఇసుకరంగులో ఉంటాయి, కాలు వేశాక గాని తెలియదు. ఇరవై రెండేళ్ల కింద, ఆ ఏడాది నూట నలభై గూళ్లు. నూట నలభై! తీరమంతా అరుపులే, మాట వినబడేది కాదు. చేపల వాళ్లు వలలు ఈడ్చుకుంటూ, పిల్లలు బంతులు తన్నుకుంటూ తొక్కేస్తున్నారని నాకు కడుపు మండిపోయి, ప్రతి గూటి పక్కనా గుర్తు పెడదాం అన్నాను. పుస్తకంలో చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు, నా సొంత బుర్ర. దానికెంత పొంగిపోయానో. ఆఫీసులో పెద్దవాళ్ల ముందు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను, తలలూపారు. బావ అప్పుడు లైట్‌హౌస్‌లో మెకానిక్కు, దీపం తిప్పే మోటారూ ఆ గేర్లూ ఆయన చేతుల్లోనే ఉండేవి. ప్యాకింగు పెట్టెల చెక్కలు చీల్చి సమంగా పుల్లలు తీశాడు. లైట్‌హౌస్‌కి ఎర్రపట్టీ వేయగా మిగిలిన రంగుడబ్బాలో కొసలు ముంచాడు. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ముగ్గురం వరండాలో కూర్చుని, ఆయన ముంచడం, నేను అంకెలు రాయడం, అక్క ఇసుక బకెట్లలో గుచ్చి ఆరబెట్టడం. బోల్టు వచ్చి పుల్లలు వాసన చూసి తుమ్మింది. ముక్కు కొసకి ఎర్రరంగు అంటుకుంది. "ఇదిగో నూట నలభై ఒకటోది," అని బావ దాని నుదుటి మీద వేలితో అంకె రాయబోతే అక్క చెయ్యి మీద ఒక్కటి వేసింది. నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఎంత హాయిగా ఉండేది ఆ వరండా.

బోల్టు గురించి ఆలోచించకూడదనుకున్నాను. చెవులు ఒకటి నిక్కి ఒకటి వాలి, పసుప్పచ్చ కుక్క. చిన్నప్పుడు మెషిను గదిలో పడిన ఇనప బోల్టుని మింగబోయిందని ఆ పేరు. బావ ఎక్కడుంటే అక్కడ, ఆయన నూట ఎనభై మెట్లు ఎక్కి దీపం తుడిస్తే అదీ ఎక్కేది, ఆయన తీరం వెంట నడిస్తే అదీ నడిచేది. అక్కడే వచ్చింది చిక్కు. పుల్లలు పెట్టిన వారం రోజులకి గుడ్లు మాయమవడం మొదలైంది. మొదటిరోజు ఆరు గూళ్లు, మర్నాడు పదిహేను, ఆ తర్వాత ముప్ఫై. పెంకులు కూడా లేవు, ఉత్తి గుంటలు. పిట్టలు గుంటల మీద అలాగే కూర్చున్నాయి, లేని గుడ్ల మీద. నేను ఇసుకలో మోకాళ్ల మీద పాకి చూస్తే కనబడ్డవి కుక్క అడుగులు. అంత ఇసుకలో కాకి అడుగులు లేవా అంటే ఉన్నాయి, సముద్రం ఒడ్డున కాకి అడుగు లేనిదెక్కడ? నేను చూడదలుచుకున్నది చూశాను. "కుక్కే" అన్నాను. పిట్టల లెక్క రాసే పుస్తకంలో కారణం అనే గడిలో రాశాను కూడా, కుక్క, అని, గుండ్రంగా, స్పష్టంగా.

బావ నమ్మలేదు. అసలు ఆయనొక్కడే నమ్మలేదు. "అది గుడ్డు తినదు మరదలా, మీ అక్క ఉడకబెట్టి పెట్టినా వాసన చూసి పక్కకి పోతుంది, నాకు తెలియదా దాని సంగతి" అన్నాడు. మా అక్క ఇంతెత్తున లేచింది ఆయన మీద. "అదేమన్నా తెలియనిదా? పిట్టల చదువు చదివింది, ప్రభుత్వం పిలిచి ఉద్యోగం ఇచ్చింది, దానికి తెలుస్తుందా, నట్లు తిప్పుకునే మీకు తెలుస్తుందా? నా చెల్లెలికి ఆ కుక్క మీద పగా ఏమన్నా?" అంది. నేను పక్కనే ఉన్నాను. నన్ను వెనకేసుకొస్తుంటే ఎంత చల్లగా ఉంటుందో మనసుకి, అందునా మొగుణ్ణి కాదని అక్క వెనకేసుకొస్తుంటే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ గొడవ వచ్చినా అదే మాట. గ్యాస్ కట్టేశాను అని బావ అంటే, అక్క లేచి వెళ్లి చూసొచ్చేది, "బోల్టు గుడ్లు తినదని కూడా ఇలాగే అన్నారు" అని. నవ్వుతూనే అనేది. ఇరవై రెండేళ్లు నవ్వుతూ అనేది, ఈ పొద్దున్న కూడా అంది, ఫ్లాస్కు మూత బిగించానని ఆయన అంటే.  ఆయన మూత ఇంకోసారి తిప్పి చూపించాడు.

నీడ రాళ్లు దాటింది. టీ పోసి ఇచ్చాడు బావ, పంచదార ఎక్కువ. చేతులు వణుకుతున్నాయి, కాని పుల్లల మీద అంకెలు మాత్రం అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, బైనాక్యులర్‌లో ఇక్కడినుంచి చదవగలుగుతున్నాను, మూడు, నాలుగు, ఏడు. కొత్తడబ్బా కొన్నాడట, అదే ఎరుపు. ఎన్ని రోజులైంది పెట్టి అని అడిగాను. "మొన్ననే" అన్నాడు. మొన్న. అంటే కాకులు ఇంకా చూసి ఉండకపోవచ్చు. లేదా చూసి ఉండవచ్చు. ఇరవై రెండేళ్ల తర్వాత వచ్చాయి ఈ పిట్టలు. ఆ ఏడాది తర్వాత ఒక్కటంటే ఒక్కటి దిగలేదు ఈ ఒడ్డున, వసంతం వసంతం పైనుంచి చూసుకుంటూ వెళ్లిపోయేవి. ఈ ఇరవై రెండేళ్లూ ఈయనేం చేశాడో తెలుసా? ప్రతి వసంతం, పొద్దునా సాయంత్రం, ఈ తీరం ఊడ్చాడు. ప్లాస్టిక్ ఏరాడు, చేపల వాళ్లతో దెబ్బలాడి పడవల్ని అవతలికి పెట్టించాడు, వాడిన వలలతో కంచె కట్టాడు, బయటివాళ్ల కుక్కల్ని దీవిలో దిగనివ్వకుండా పడవ దగ్గరే నిలబడేవాడు, తను మళ్ళీ కుక్కని పెంచలేదు. రిటైరయ్యాక అందరూ అవతలి ఒడ్డుకి వెళ్లిపోతే ఈయన ఇక్కడే ఉండిపోయాడు. ఎవరైనా ఎందుకండీ ఈ వయసులో అంటే, "మా కుక్క చేసిన దానికి" అనేవాడు. నా ముందే అన్నాడు, ఎన్నోసార్లు, నా మొహంలోకి చూడకుండా. అప్పుడన్నా నోరు విప్పానా? ఏ రాయి అడ్డం పడింది నాకు?

ఆయనకి నా మీద కోపం లేదు, అదే నన్ను కాల్చింది. తిట్టి ఉంటే బాగుండేది. కోపం బదులు మర్యాద వచ్చేసింది, లెక్కలమ్మ పోయి అమ్మా అనడం, రండి కూర్చోండి అనడం, భోజనం దగ్గర నాకు ముందు వడ్డించమని అక్కకి చెప్పి తను బయటికి వెళ్లిపోవడం. తన కుక్క నా పని నాశనం చేసిందని సిగ్గు ఆయనకి! నాకు ముందు మొహం చెల్లక, తర్వాత పనులున్నాయని, తర్వాత ఒంట్లో బాగాలేదని, ఏడాదికోసారి రావడం రెండేళ్లకోసారి అయింది. పోయినవారం ఫోను మోగితే అక్క, "పదకొండు జంటలటే! మీ బావ పసివాడిలా గంతులేస్తున్నాడు, దాన్ని రమ్మను, దాన్ని రమ్మను అని నా ప్రాణం తీస్తున్నాడు" అంది. వెనకనుంచి ఆయన గొంతు, "లెక్కలమ్మ లేకపోతే లెక్క ఎవరు రాస్తారు?" అని. ఆ మాట విని ఫోను పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను, అరవై మూడేళ్లదాన్ని. ఇప్పుడు చెప్తే ఆ గొంతు పోతుంది. ఇవాళే తిరిగొచ్చిన మరదలా అనే పిలుపు ఇవాళే పోతుంది. అదీ నా లెక్క. గుడ్లు పోతాయేమోనని కాదు, ఈ పిలుపు పోతుందేమోనని గంటనుంచి నోరు కట్టేసుకుని కూర్చున్నాను, సిగ్గులేని దాన్ని.

చెప్పకుండానే పీకించవచ్చు కదా. కొత్త రూలు వచ్చింది బావా, పుల్లలు వాడొద్దంటున్నారు, ఎరుపు రంగులో ఏదో విషం ఉందట. నమ్మేస్తాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు, అదేగా ఇంతదాకా తెచ్చింది. నీడ రాగానే ఇద్దరం వెళ్లి పీకేస్తాం, గుడ్లు పిల్లలవుతాయి, సాయంత్రం వరండాలో టీ తాగుతాం, ఆయన నన్ను ఏడిపిస్తాడు, అక్క నవ్వుతుంది. ఎవరికీ ఏ నష్టం లేదు. పోయినవాళ్లు పోయారు. పోయినవాళ్లు అంటే కుక్క. ఇరవై రెండేళ్ల కింద పోయిన కుక్క కోసం గుండెలో గొట్టం పెట్టుకున్న ముసలాయన్ని బాధపెట్టడం ఏం న్యాయం? చూడు, న్యాయం కూడా మాట్లాడుతున్నాను.

అసలు నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది కదా. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. కుక్క పోయాక తెలిసింది, ఇంక చెప్పి ఏం లాభం, చెప్తే ఆయనకి ఇంకా బాధ. ఎంత బాగుందో ఈ కథ, ఎన్నిసార్లు చెప్పుకుంటే నిజమైపోయిందో. కాని ఈ గదిలో చెప్పుకోలేను. ఈ బల్ల మీదే కూర్చున్నాను ఆ బుధవారం. పొద్దున్న ఆరు దాటి ఉంటుంది. బోల్టుని అప్పటికే ఒకసారి అవతలి ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చాడు బావ, నాలుగోరోజుకల్లా చేపలపడవలో దాక్కుని తిరిగొచ్చేసింది, ఆయన కాళ్ల చుట్టూ తిరిగింది. అప్పుడు లైట్‌హౌస్ ఆఫీసు నుంచి బావకి కాగితం వచ్చింది, శుక్రవారానికల్లా కుక్క లేకుండా చేయాలి, లేదంటే మెకానిక్ ఉద్యోగం వదులుకుని క్వార్టరు ఖాళీ చేయాలి అని. నా రిపోర్టు జతచేసి పంపారు, అది చదివాక బావ కూడా నమ్మేశాడు. ఆ రోజు కుక్కని గొలుసుతో వరండాకి కట్టేసి ఉంచారు, నేను దాన్ని దాటుకునే వచ్చాను. వచ్చి ఈ కిటికీలోంచి చూస్తే ఒక కాకి, ఒకే ఒక్క కాకి, ఒక పుల్ల దగ్గర వాలింది. గుడ్డు తీసుకుని ఎగరలేదు, అక్కడే మింగింది. తల ఎత్తి చుట్టూ చూసింది, ఇంకో పుల్ల కనబడింది, నడుచుకుంటూ వెళ్లింది. ఎగరను కూడా ఎగరలేదు, నడిచింది, వరసగా, నేను రాసిన అంకెల వరసలో. అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. నా చెయ్యి లెక్క రాయలేదు. జీవితంలో ఆ ఒక్కసారే రాయలేదు.

బుధవారం పొద్దున్న తెలిసింది నాకు. శుక్రవారం పొద్దున్న దాన్ని సూది వేయించి చంపించడానికి పడవ. నడుమ రెండు రోజులు. ఆ వారమే నా ఉద్యోగం పర్మనెంటు కాగితం మీద సంతకం అవ్వాలి, పుల్లల పద్ధతికి నా ఫొటో పేపర్లో వేశారు, మిగతా దీవుల్లో కూడా పెడదాం అంటున్నారు. ఆ కాకిని చంపేస్తే సరిపోతుందేమో, కాకి కొన్ని తింటే కుక్క కొన్ని తిని ఉంటుందేమో, ఇంకో రోజు చూసి చెప్దాం, ఇంకో పూట చూసి చెప్దాం. శుక్రవారం పొద్దున్న పడవ దగ్గర బావ, "ఇంజను స్టార్ట్ చేస్తాను, ఒక్క నిమిషం దీన్ని పట్టుకో" అని తాడు నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను. బోల్టు నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. తాడు విడిచిపెడితే చాలు, పరుగెత్తేది, ఆ గందరగోళంలోనైనా నోరు వచ్చేదేమో. విడవలేదు. ఇంజను అందుకుంది, తాడు ఆయన చేతికి ఇచ్చాను. మధ్యాహ్నం ఆయన ఒక్కడే వచ్చాడు. తర్వాతి వారం నేను మిగిలిన పుల్లలన్నీ పీకి అక్క పొయ్యిలో పెట్టేశాను, ఎందుకే అంటే తడిసిపోయాయి అన్నాను.

"మరదలా, కాకి" అన్నాడు బావ.

నేను ముందే చూశాను. కంచె మీద వాలి ఉంది, నల్లటోపీలు నాలుగు లేచి దాని నెత్తి మీద గీపెడుతూ దిగుతున్నాయి. వెళ్లి తరుముదామా అని సగం లేచాడు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. వెళ్తే పదకొండూ లేస్తాయి, పదకొండూ ఉడుకుతాయి. నీడ ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. "ఏం కాదులే, ఒక్క కాకి ఏం చేస్తుంది, అవే తరిమేస్తాయి. కుక్క లేదు కదా ఇప్పుడు" అన్నాడు నాకు ధైర్యం చెప్తున్నట్టు. ఇప్పుడు చెప్పు. ఇప్పుడు. కాకి దిగింది. పుల్ల దగ్గరే దిగింది, ఇంకెక్కడా వెతకలేదు, నేరుగా ఒకటో నంబరు దగ్గర. పిట్ట దాని మొహం మీద రెక్కలు కొట్టి కొట్టి పక్కకి జరిగింది. బావ నా మెడలోంచి బైనాక్యులర్ తీసుకున్నాడు. నేను ఆపలేదు, ఆపడానికి ఏ సాకూ దొరకలేదు. మెషిను ఎక్కడ పట్టేస్తోందో తెలియాలంటే దాన్ని ఆపకూడదు, ఒక చుట్టు పూర్తిగా తిరగనిచ్చి చూడాలి అనేవాడు ఆయన, అలాగే చూశాడు. గుడ్డు మింగింది. రెండోది మింగింది. తల ఎత్తింది. ఎర్రకొస చూసుకుని నాలుగో నంబరుకేసి నడిచింది. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నాడు. నాలుగో నంబరు దగ్గర ఆగింది. బావ బైనాక్యులర్ దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది పుల్లల్ని చూసుకుంటూ పోతోంది" అన్నాడు.

"అవును బావా."

"అప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

 ఆయన ఊపిరి పీల్చడం వినబడుతోంది, కొంచెం ఈలలాగా. డాక్టరు ఇచ్చిన మాత్ర జేబులో ఉందా అని అడుగుదామనుకున్నాను.

"అయితే బోల్టు..."

"ఒక్క గుడ్డు కూడా ముట్టుకోలేదు బావా."

"నీకెప్పుడు తెలిసింది?"

ఎంత నెమ్మదిగా అడిగాడో. తర్వాత తెలిసింది అనవచ్చు. చాలా ఏళ్ల తర్వాత, ఎక్కడో చదివాను, చెప్పడానికి ధైర్యం చాలలేదు అనవచ్చు. ఆ మాటలన్నీ వరసగా, సిద్ధంగా నాలుక మీదే ఉన్నాయి, ఆ బుధవారం సంగతి నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నమ్మేవాడు. నా మీద జాలి కూడా పడేవాడు. ఆయన జాలిపడితే నేను మళ్ళీ ఆ తాడు పట్టుకుని నిలబడ్డట్టే.

"బుధవారం" అన్నాను. "నువ్వు దాన్ని తీసుకెళ్లింది శుక్రవారం."

అరుస్తాడనుకున్నాను. తన చేతులు చూసుకుంటున్నాడు. కుడిచెయ్యి తిరగేసి అరచెయ్యి చూసుకున్నాడు.

"పడవలో దారి పొడుగునా నా చెయ్యి నాకుతూనే ఉంది" అన్నాడు. "గుడ్లు తిన్న నోరు కదాని వెనక్కి లాక్కున్నాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే నన్ను ఓదార్చాల్సిన పని ఆయన మీద పడుతుంది, ఆ మనిషి అలాంటివాడు. నీడ మొదటి గుంట మీద పడింది. ఆయన బల్ల పట్టుకుని లేచాడు. నేనూ వస్తాను అన్నాను. "వద్దు. ఇద్దరు నడిస్తే పిట్టలు ఎక్కువ బెదురుతాయి" అన్నాడు, తలుపు తీసుకుని వెళ్లాడు. కిటికీలోంచి చూస్తున్నాను. వంగి నడుస్తున్నాడు, అడుగడుగూ చూసి వేస్తున్నాడు. కాకి లేచిపోయింది. ఒక్కో పుల్ల దగ్గర మోకాలు వంచడం, పీకడం, ఆ చిల్లుని పాదంతో పూడ్చడం, పిట్ట లేచి అరిచి ఆయన పక్కకి తప్పుకోగానే మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఒకటో నంబరు దగ్గరా నాలుగో నంబరు దగ్గరా పిట్టలు వచ్చి ఉత్తిగుంటలోనే కూర్చున్నాయి. ఆ రెండు చోట్లా ఆయన కాసేపు నిలబడిపోయాడు. తొమ్మిది మిగిలాయి. రాశాను. కారణం గడి దగ్గర చెయ్యి ఆగింది, అక్కడ కాకి అని రాసి, కిందే, పుల్లలు పెట్టడం నేర్పింది నేను అని రాశాను. పాత పుస్తకం ఆఫీసులో ఉంది, రేపు అక్కడికి వెళ్లి అది కూడా దిద్దాలి.

పుల్లల కట్ట చంకలో పెట్టుకుని తిరిగొచ్చి గుమ్మం బయటే ఆగాడు, లోపలికి రాలేదు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నన్ను చూడకుండా ఇంటివైపు చూస్తూ నిలబడ్డాడు, మా అక్క ఈపాటికి గుమ్మంలో కూర్చుని మాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

"మీ అక్కకి నువ్వే చెప్పు" అన్నాడు. "నేను చెప్తే నమ్మదు."